నలభై తొమ్మిది పాయింట్ మూడు

ఆ అంకెను రాష్ట్రంలో అందరికంటే ముందు చూసింది హైమావతి. ఉదయం పదకొండు గంటలకు ప్రయోగశాల తెరమీద మూడు నెలల సగటు తేలింది. నలభై తొమ్మిది పాయింట్ మూడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్ర ఇంజనీరు "అయ్యో, కొంచెంలో పోయిందే!" అన్నాడు, క్రికెట్ ఆటలో ఆఖరి బంతి గురించి అన్నట్టు. హైమావతికి అతన్ని లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది.

తీరరాష్ట్రం ఏర్పడి అప్పటికి పన్నెండేళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళుగాని, ఇద్దరు మగవాళ్ళుగాని పెళ్ళి చేసుకోవచ్చా కూడదా అన్నది ఎవరి రాష్ట్రంలో వాళ్ళు తేల్చుకోండని ఢిల్లీ చేతులు దులుపుకుంది. కొన్ని రాష్ట్రాలు ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. తీరరాష్ట్రం ఔననీ కాదనీ అనకుండా ఒక ఉపాయం కనిపెట్టింది. అలాంటి జంటలు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నమోదు చేసుకోవచ్చు. కాని జనం ఒప్పుకున్నంత కాలమే ఆ పెళ్ళి చెల్లుతుంది. మూడు నెలలకోసారి జనామోద సూచీ అనే అంకె ప్రకటిస్తారు. అది యాభై దాటితే పెళ్ళి పెళ్ళే. యాభై కిందికి దిగితే రాష్ట్రంలో ఉన్న ఆ పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా 'నిద్రాణం' అవుతాయి. మళ్ళీ ఎప్పుడు దాటితే అప్పుడు మేలుకుంటాయి. "ప్రజల మనసుకు ఇంతకంటే గొప్ప గౌరవం ఎక్కడుంది?" అన్నారు మంత్రిగారు శాసనసభలో. అందరూ బల్లలు చరిచారు.

చట్టం వచ్చాక ఏడుసార్లు అంకె ప్రకటించారు. ఏడుసార్లూ యాభైకి పైనే ఉంది. ఇది ఎనిమిదోసారి.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు చెల్లెలు ఇందువదన ఫోన్ చేసింది. ఇందు మూలరేవు ఓడరేవులో క్రేన్ నడుపుతుంది. నూట ఇరవై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఓడలమీంచి కంటెయినర్లు దించుతుంది. డ్యూటీలో ఉండగా ఫోన్ ముట్టుకునే మనిషి కాదు.

"అక్కా, మెసేజ్ వచ్చింది."

"తెలుసమ్మా."

"'మీ వివాహ నమోదు నేటి నుంచి నిద్రాణ స్థితిలో ఉంచబడినది' అంట. రెండేళ్ళు కాపురం సేసేక. నువ్వు సెప్పు, నేనిప్పుడు పెళ్ళైందాన్నా, కాందాన్నా?"

"ఇందూ, ముందు కిందికి దిగు. అంత ఎత్తులో కూర్చుని..."

"దిగి ఏటి సేస్తాను? ఎంతమంది అడ్డం తిరిగితే ఇలగయ్యింది? నీ మిషనే గదా అది, నువ్వే సెప్పాల."

హైమావతి మనసులో లెక్క వేసింది. సూచీ కోసం చేతికి పట్టీ కట్టుకున్నవాళ్ళు రాష్ట్రం మొత్తంమీద రెండు వేల నాలుగు వందల మంది. "పదిహేడు మంది," అంది.

 గాలి హోరులోంచి, "పదిహేడు మందా!" అని ఇందు ఫోన్ పెట్టేసింది.

*

సాయంత్రం ఓడరేవు కాలనీలో చెల్లెలింటికి వెళ్ళేసరికి ఇందు భార్య కుసుమ వరండాలో కూర్చుని ఒక కాగితం వంక చూస్తోంది. కుసుమ హిందీ టీచరు. పెళ్ళి కాకముందు కొండమీద గుమ్మడిగూడ ఆశ్రమ పాఠశాలలో పనిచేసేది. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండాలన్న నిబంధన కింద, పెళ్ళైన ఏడాదికి మూలరేవుకు బదిలీ అయింది. మధ్యాహ్నం పన్నెండుకు పెళ్ళి నిద్రపోతే, నాలుగింటికల్లా విద్యాశాఖ నుంచి ఉత్తర్వు వచ్చేసింది. స్పౌజ్ కారణం చెల్లదు గనక ఏడు రోజుల్లో పాత స్థానంలో చేరాలట.

"జీతం బకాయిలకి ఏడాది తిప్పారు వదినా. ఇదేమో నాలుగ్గంటల్లో వచ్చేసింది," అంది కుసుమ. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

హైమావతి ఆమె పక్కన కూర్చుంది.  సూచీ లెక్క తేల్చే యంత్రాన్ని తయారుచేసింది తనే. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు నొప్పి ఎక్కడుందో, ఎంతుందో తెలుసుకోవడానికి చేసింది. మణికట్టుకు కట్టే పట్టీ అది. నాడి, చెమట, చర్మం కింద కండరం బిగువు, అన్నీ అరసెకనులో చదువుతుంది. ఒక ముసలాయన ఎడమ తుంటిలో విరిగిన ఎముకను ఆ పట్టీయే పట్టిచ్చింది. అప్పుడు ఆమెకు కన్నీళ్ళొచ్చాయి. తరవాత ప్రభుత్వం వచ్చింది. సర్వేవాళ్ళు అడిగితే జనం నోటితో ఒకటి చెప్తారు, మనసులో ఇంకొకటి ఉంచుకుంటారు, పట్టీకయితే అబద్ధం తెలియదు గదా అంది. పెద్ద ప్రయోగశాల కట్టించింది. హైమావతి ఒప్పుకుంది. చట్టం వస్తే చెల్లెలి పెళ్ళి జరుగుతుందని కూడా ఒప్పుకుంది.

లోపలి నుంచి తల్లి పైడమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. "మజ్జాన్నం నుంచి ఇద్దరూ మెతుకు ముట్టలేదు. నువ్వయినా సెప్పు పెద్దా. ఉత్తరువొస్తే రానీ, తిండి మానీసి ఏటి సాధిస్తారు?" అంటూ కుసుమ చేతిలో పెట్టింది.

అప్పుడు చూసింది హైమావతి. తల్లి కుడి మణికట్టుకు నల్లటి పట్టీ. అంచున మూడు పచ్చ చుక్కలు, సూచీ పట్టీల గుర్తు.

"అమ్మా, ఇదెక్కడిది?"

"ఇదా? మందులిచ్చే పిల్ల కట్టింది, రెణ్ణెల్లయింది. బీపీ సూస్తాదంట. పొద్దున్న లెగిసి పోనులో ముప్పై బొమ్మలు సూడమంది. పువ్వులూ, కొండలూ, పెళ్ళిళ్ళూ. సూస్తన్నాను."

 ఆ పట్టీ దేనికో కట్టుకున్నవాళ్ళకు చెప్పరు. తెలిస్తే మనసు సర్దుకుంటుందని అలా పెట్టారు. ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళెవరూ జాబితాలో ఉండకూడదు. తల్లి రేషన్ కార్డు వేరే ఊళ్ళో ఉండడంతో జల్లెడలోంచి జారిపోయింది.

ఆ ముప్పై బొమ్మల్లో రోజూ ఒకటి ఇద్దరు పెళ్ళికూతుళ్ళదో, ఇద్దరు పెళ్ళికొడుకులదో ఉంటుంది. ఆ ఒక్కటే అసలు ప్రశ్న.

*

విడిగా ఒక మనిషి వివరాలు తెరిచి చూడడం నేరం. మర్నాడు పొద్దున్న హైమావతి తెరిచింది. మజ్జి పైడమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. అరవై రెండు రోజులు, అరవై రెండు జవాబులు. అన్నీ వ్యతిరేకం.

 కుసుమ ఇంటికొచ్చిన రోజు ఎదురెళ్ళి కాళ్ళకు పసుపు రాసింది ఈ తల్లే. "నన్ను అత్తా అనే పిలు" అని చెప్పిందీ, హైమావతిని వదినా అని పిలవాలని నేర్పిందీ ఈమే. పదిహేడు మంది కావలసి వచ్చారు. అందులో ఒకరు కన్నతల్లి!

సెలవు పెట్టి నేరుగా ఇంటికి వెళ్ళింది. ఇందు, కుసుమ పనికి వెళ్ళారు. పైడమ్మ చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది.

"నీకు వాళ్ళిద్దర్నీ చూస్తే అసహ్యమా అమ్మా?"

"ఏటే ఆ మాట?"

"నిజం చెప్పు. పైకి కోడలని ముద్దు చేస్తున్నావు. లోపల?"

"నీకేటి మతిపోనాదా? ఆ పిల్ల నాకు బాత్రూంలో పడితే ఎత్తి కూకోబెట్టి, నెల్లాళ్ళు నీళ్ళోసింది. అసయ్యమేటి?"

హైమావతి తన సంచీలోంచి చదివే పరికరం తీసి పట్టీకి తగిలించింది. తల్లి ఫోన్‌లో ఒక బొమ్మ తెరిచింది. ఇద్దరమ్మాయిలు, దండలు, గుడిమెట్లు. పైడమ్మ చూసింది. పరికరం మీద గీత నిట్టనిలువుగా లేచింది.

"చూడు! ఇదిగో. నీ ఒళ్ళే చెప్తోంది."

"ఏటి సెప్తంది?" పైడమ్మ చిక్కుడుకాయ కింద పడేసింది. "ఆ బొమ్మ సూస్తే నా గుండె గుబేలుమంటాది. అది నిజమే. రోజూ అంటాది. ఎందుకనదు? ఆళ్ళు మెట్లమీద నిలబడ్డారు, ఎనక జనం ఉన్నారు. ఎవుడు రాయిసురుతాడో ఎవులికి తెల్సు? ఈ పట్టీ కట్టకముందు, తొలేకాశి పండగ నాడు కుసుమ బండద్దం ఎవుడో ఇరగ్గొట్టీసేడు. పిల్ల సెంపన గాజుపెంకు దిగింది. నీకు సెప్పలేదు. నువ్వు కంగారు పడతావని సెప్పొద్దంది. అప్పట్నుంచి ఇద్దరాడపిల్లలు సెయ్యీ సెయ్యీ పట్టుకుంటే నాకు భయమేస్తాది. నా పిల్లలని భయం. అసయ్యమంట! సదువుకున్నదానివి, అదీ ఇదీ ఒకటేనేటే నీకు?"

హైమావతి పరికరం వంక చూసింది. నాడి ఎగిసింది, అరచెయ్యి చెమర్చింది. అసహ్యానికి నాడి ఎగరదు. క్షణం కుంగుతుంది. ఈ సంగతి ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. మొదటి ఏడాది భయానికో గడి, అసహ్యానికో గడి పెట్టింది. రెండు గడులు ఎందుకు, మంత్రిగారికి ఒక్క అంకె చాలు అన్నారు పైవాళ్ళు. అప్పుడు రెండింటినీ కలిపి 'వ్యతిరేకం' అని పేరు పెట్టిన చెయ్యి తనదే.

తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఏరసాగింది. 

"ఏటయిందే?"

"ఏం లేదమ్మా. నువ్వు తప్పు చెయ్యలేదు."

*

రెండు గడుల్నీ మళ్ళీ విడగొట్టడానికి రెండు రోజులు పట్టింది. రోజూ చూపే బొమ్మల్లో లారీ వెనకాలే సైకిల్ తొక్కుతున్న స్కూలు పిల్ల బొమ్మ ఒకటుంది, చూస్తే పిల్లకేమవుతుందోనని ఎవరికైనా భయమే. దాన్ని చూసినప్పుడు ఎవరి గీత ఎలా లేస్తుందో తీసింది. పక్కన ఇద్దరు పెళ్ళికూతుళ్ళ బొమ్మకు లేచిన గీత పెట్టింది. వ్యతిరేకుల్లో రెండు వందల ఎనభై ఒక్కమందికి రెండు గీతలూ అతికినట్టు సరిపోయాయి. వాళ్ళెవరో ఆమె తెలుసుకోలేదు, తెలుసుకోనవసరం లేదు. ఎవరో తల్లులు, ఎవరో అన్నలు, బయటికి చెప్పుకోలేని ఎవరో కుర్రవాళ్ళు. ప్రాణం పెట్టి ప్రేమించేవాళ్ళ వణుకును పోగేసి, వాళ్ళ పిల్లల మీదికే రాయిగా విసిరింది యంత్రం.

వాళ్ళను వ్యతిరేకుల్లోంచి తీసి ఒప్పుకున్నవాళ్ళలో కలిపి లెక్క కడితే సూచీ అరవై ఒకటి.

డైరెక్టర్ ధర్మారావు ఆ కాగితాలు రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బాగా చేశారు హైమావతిగారూ. నిపుణుల సంఘానికి పంపుదాం. తొమ్మిది నెలల్లో తేలుస్తారు."

"నాలుగు రోజుల్లో మా కుసుమ కొండెక్కాలండీ. ఒక్క మా ఇల్లే కాదు, మూడు వందల పన్నెండు జంటలు."

"ప్రకటించిన అంకెను మార్చితే మనల్ని రేపెవరు నమ్ముతారు?"

"తప్పని తెలిసీ మార్చకపోతే నమ్మొచ్చా?"

ఆయన గొంతు తగ్గించారు. "మీ అమ్మగారి ఫైలు తెరిచారట. అది జైలు దాకా వెళ్ళే విషయం. నేను చూడనట్టుంటాను. మీరూ ఈ కాగితాలు చూడనట్టుండండి."

ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా బెదిరించవచ్చని ఆమెకు అంతవరకు తెలియదు. కాగితాలు తీసుకుని బయటికొచ్చింది. అంకె ప్రకటించిన ఐదోరోజున శాసనసభా సంఘం అభ్యంతరాలు వింటుందని చట్టంలో ఉంది. ఇంతవరకు అక్కడికి వెళ్ళినవాళ్ళు లేరు. ఆమె పేరు రాయించుకుంది.

*

రాజధానిలో సంఘం గది నిండిపోయింది. అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దమనిషి. హైమావతి చెప్పిందంతా ఓపికగా విన్నాడు, గీతలు దగ్గర పెట్టుకు చూశాడు. చివరికి ముఖం విప్పారింది.

"అరవై ఒకటి! అంటే మా జనం మంచివాళ్ళేనన్నమాట. చాలా సంతోషమమ్మా. మీ ఫైలు గొడవ మేం పట్టించుకోం. ఈ సవరించిన సూచీయే సరైనదని, ఇకముందు దీన్నే వాడవచ్చని యంత్రం నిర్మాతగా మీరు సంతకం చెయ్యండి. సాయంత్రానికల్లా పెళ్ళిళ్ళన్నీ మేలుకుంటాయి."

గుమాస్తా కాగితం తెచ్చి ముందు పెట్టాడు. హైమావతి కలం అందుకుంది. మూడో వరసలో ఇందు లేచి నిలబడింది, ముఖం వెలిగిపోతోంది. పక్కన కుసుమ మాత్రం తల అడ్డంగా ఊపుతోంది.

హైమావతి పది నిమిషాలు అడిగి వసారాలోకి వచ్చింది.

"ఏటాలోచిస్తున్నావక్కా? సంతకం పెట్టీ!" అంది ఇందు. "సాయంత్రానికి మావి మాకొచ్చీస్తాయి. ఇది కొండకి ఎల్లక్కర్లేదు."

"తరవాత?" అంది కుసుమ. "మూడు నెలలకి మళ్ళీ అంకె కోసం కూర్చుంటామా? ఈ అంకె తప్పని తెలిసింది గనక వదినకు కోపమొచ్చింది. ఈసారి ఒప్పుగా నలభై వస్తే? అప్పుడు మన పెళ్ళి పోవడం న్యాయమా?"

"నాకు న్యాయం వొద్దు. నాకు నువ్వు కావాల. ఇంట్లో కావాల."

"నాకూ అదే కావాలి ఇందూ. కాని పరీక్ష పాసైన మార్కుల మీద కాదు. ముప్పై ఐదొస్తే పాస్, ముప్పై నాలుగొస్తే ఫెయిల్ అని నేను పిల్లలకి చెప్తాను. నా కాపురానికి చెప్పించుకోను."

ఇందు గోడకు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. హైమావతి దగ్గరికి వెళ్ళి చెయ్యి వేస్తే తోసేసింది. "ఇద్దరూ సదువుకున్నారు. మీ ఇష్టం," అంది.

లోపలికి వెళ్ళి హైమావతి కలం మూత పెట్టి బల్లమీద ఉంచింది.

"అయ్యా, మీకు పెళ్ళై ఎన్నేళ్ళయింది?"

అధ్యక్షుడు నవ్వాడు. "నలభై ఏళ్ళు దాటింది. ఎందుకమ్మా?"

"నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు పక్కింటివాళ్ళ నాడి చూపించుకున్నారు?"

నవ్వు ఆగిపోయింది.

"మీ ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు జిల్లాలో సగం మందికి ఇష్టమేనా అని ఎవరన్నా అడిగారా? అడిగితే మీరు ఊరుకునేవారా? మరి వీళ్ళనెందుకు అడుగుతున్నారు? నా లెక్క తప్పన్నది నిజం. సరిచేస్తే అరవై ఒకటన్నదీ నిజం. కాని ఆ అరవై ఒకటి కూడా నేను ఇయ్యను. మాట పడిపోయినవాళ్ళ నొప్పి కోసం చేశాను దీన్ని. మీరు నోరున్నవాళ్ళ నోరు మూయడానికి పెట్టారు, నేను చేయి కలిపాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఇకమీద ఏ మనిషి కాపురానికీ నేను తూనికరాయిని కాను."

"ఆలోచించుకోండి," అన్నాడు అధ్యక్షుడు. గొంతులో మెత్తదనం పోయింది. "మీరు సంతకం పెట్టకపోతే కొత్త అంకె లేదు. కొత్త అంకె లేకపోతే చట్టప్రకారం పాతదే నిలుస్తుంది. మీ చెల్లెలికి మీరే అన్యాయం చేస్తున్నారు."

"మీరు చేసిన అన్యాయాన్ని నా చేతుల మీదుగా పంచమంటున్నారు. పంచను."

*

మర్నాడే ఉద్యోగం పోయింది. నలభై తొమ్మిది పాయింట్ మూడు అలాగే నిలిచింది. మూడు వందల పన్నెండు జంటలూ కలిసి హైకోర్టులో దావా వేశాయి. హైమావతి లెక్కల్ని సాక్ష్యంగా జతచేశారు. షరతును కొట్టేయాలన్నదే కోరిక, అంకెను సరిచేయమన్నది కాదు. విచారణకు తారీఖు పడింది, మళ్ళీ వాయిదా పడింది. చేరడానికి కుసుమ అడిగి తెచ్చుకున్న ఇంకో వారం గడువూ అయిపోవచ్చింది.

ఇందు అక్కతో మాట్లాడడం మానేసింది. కుసుమ సామాను సర్దుతున్న రోజు పైడమ్మ కూడా తన ట్రంకుపెట్టె సర్దుకుంది.

"నువ్వెక్కడికే అమ్మా?" అంది ఇందు.

"కొండకి. దాన్నొక్కదాన్నీ పంపీడానికి నాకు మనసెలగొప్పుతాది? నువ్వు మొగోడి లాటిదానివి, క్రేను ఎక్కుతావు. వారానికోపాలి వొద్దువు గాని."

బస్సు దగ్గర ఇందు కుసుమ చెయ్యి వదలలేదు. కండక్టర్ రెండుసార్లు ఈల వేశాడు. చివరికి అక్కవైపు తిరిగి, "దాని సామాను దించీవరకూ నువ్వుండు," అంది. వారం తరవాత ఆ మాటే మొదటిది.

గుమ్మడిగూడ ఆశ్రమ పాఠశాలలో ఉదయం ప్రార్థన అయిపోయింది. హెడ్మాస్టర్ మంచివాడే. కుసుమ చేరిక కాగితం తీసుకుని రిజిస్టర్ తెరిచాడు. ప్రభుత్వ క్వార్టర్‌లో ఎవరెవరు ఉంటారో, ఏం వరసో రాసుకోవాలి.

"టీచరుగారితో ఉండేది మీరాండీ? తల్లిగారా?"

"కాదు బాబూ," అంది పైడమ్మ. "అత్తని."

హెడ్మాస్టర్ కలం ఆగింది. కుసుమ వివరాలున్న కాగితం వంక చూశాడు. వివాహ స్థితి అన్నచోట ఎర్ర ముద్ర ఉంది. ఇబ్బందిగా కదిలాడు. "అంటే... ఇప్పుడు రికార్డు ప్రకారం ఆ వరస చెల్లదమ్మా. బంధువు అని రాస్తాను. ఎవరికీ అభ్యంతరం ఉండదు."

హైమావతి ఏదో అనబోయింది. తల్లి చెయ్యెత్తి ఆపింది.

"అభ్యంతరం ఎవులికుంటాది? నాకుంది. రికార్డు పడుకుంటే పడుకోనీ. నేను మెలకువగానే ఉన్నాను గదా, నన్నడిగి రాయి. నా పేరు మజ్జి పైడమ్మ. ఈ పిల్ల నా కోడలు. నేను దానికి అత్తని."

 బయట పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. హెడ్మాస్టర్ ఒకసారి పైడమ్మను, ఒకసారి కుసుమను చూశాడు. తరవాత వంగి, నెమ్మదిగా, పెద్ద అక్షరాలతో 'అత్త' అని రాశాడు. రాసి రిజిస్టర్ ఆమెవైపు తిప్పాడు.

"వేలిముద్ర వేస్తారా, సంతకమాండీ?"

"సంతకమే," అంది పైడమ్మ కలం అందుకుంటూ.